డిజిటల్ ఫోటోల నుంచి పెద్ద ప్రింట్లు: చెన్నైలో మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో ఫోటోలు ప్రింట్ చేసే పనిలో ఉన్నాను. మా దగ్గరికి షావుకారుపేటలో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలవాళ్లు వస్తారు. ఉద్యోగాల కోసం ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డు వైపు దిగిన నెల్లూరు, ఒంగోలు పిల్లలూ వస్తారు. అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నా అనుభవంలో ఏ కెమెరాతో తీశారన్నది తర్వాతి మాట. ఫోటో ఎక్కడ వేలాడుతుంది, ఎంత దూరం నుంచి చూస్తారు, మీరిచ్చింది అసలు ఫైలేనా అన్నవే ముందు తేలాలి.

నా ఫోటోని ఎంత పెద్ద సైజు దాకా వేయించొచ్చు?

చేతిలో పట్టుకుని చూసే ఫోటోని అడుగు దూరం నుంచి చూస్తాం. ఆ దూరానికి అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే ఫోటోలోని చుక్కలు, ఉంటే అంతకు మించి కంటికి అక్కర్లేదు. దూరం పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఎన్ని అడుగుల నుంచి చూస్తారో ఆ అంకెతో 300ని భాగించండి. 2 అడుగులకు 150, 3 అడుగులకు 100, హాల్లో సోఫా వెనక గోడ మీద పెట్టి 6 అడుగుల నుంచి చూసేదానికి 50 వస్తుంది. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కంటే సన్నటి తేడాని పట్టలేదు. ఈ లెక్క అక్కడి నుంచి వచ్చిందే.

ఇప్పుడు మీ ఫోటో పొడవు ఎన్ని పిక్సెళ్లో చూసి, దాన్ని ప్రింట్ పొడవు అంగుళాలతో భాగించండి. 24 మెగాపిక్సెళ్ల (2.4 కోట్ల పిక్సెళ్ల) కెమెరా ఫోటో 6000 × 4000 ఉంటుంది. దాన్ని 24 × 36 అంగుళాల్లో వేస్తే అంగుళానికి 166 పిక్సెళ్లు పడతాయి. రెండడుగుల దూరం నుంచి కూడా నిక్షేపంగా ఉంటుంది. 20 ఏళ్ల కిందటి 6 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన 3000 × 2000 ఫోటో కూడా 12 × 18 సైజులో సరిగ్గా అంతే ఇస్తుంది. పాత కెమెరా ఫోటోలు పనికిరావని పక్కన పెట్టేయకండి.

అయితే గ్రూపు ఫోటోకి ఈ లెక్క సరిపోదు. పెళ్లి గ్రూపు ఫోటోని ఎంత పెద్దగా వేసినా చుట్టాలు దాన్ని దూరం నుంచి చూడరు. దగ్గరికొచ్చి, వేలు పెట్టి, తమ మొహం, పిన్ని మొహం వెతుక్కుంటారు. అలాంటి ఫోటోకి అంగుళానికి 200 తగ్గకుండా చూసుకోండి. సముద్రం, గుడి గోపురం, ఒక్క మనిషి నిలువు ఫోటో అయితే దూరం లెక్క ధైర్యంగా నమ్మొచ్చు.

సైజు తేల్చుకోలేకపోతే పాత న్యూస్ పేపర్లు అతికించి, ఆ కొలతకి కత్తిరించి, గోడకి అంటించి చూడండి. చాలామంది 12 × 18 చాలనుకుని వస్తారు. పెద్ద హాలు గోడ మీద అది చిన్నబోతుంది.

ఫోన్‌లో 108 అనీ, 200 మెగాపిక్సెళ్లు అనీ రాసుంది. కెమెరా కంటే అదే పెద్దది కదా?

ఆ అంకె సెన్సర్ మీదున్న చుక్కలది. మామూలుగా తీసినప్పుడు ఫోన్ తొమ్మిదేసి లేదా పదహారేసి చుక్కల్ని ఒకటిగా కలిపి సుమారు 12 మెగాపిక్సెళ్ల ఫోటో ఇస్తుంది. చీకట్లో అదే మంచిది కూడా. పట్టపగలు, కదలని దృశ్యం అయితే పూర్తి రిజల్యూషన్ మోడ్ పెట్టి తీయండి, కాస్త ఎక్కువ వివరం దొరుకుతుంది. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 4032 × 3024 ఉంటుంది. దాన్ని 16 × 24లో వేస్తే అంగుళానికి 168 వస్తుంది. గోడకి అది బాగానే సరిపోతుంది. డిజిటల్ జూమ్ చేసి తీసినవాటికి మాత్రం ఈ భరోసా ఇవ్వలేను.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోని పెద్దది చేయొచ్చా?

మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని కుదించేస్తుంది. పొడవు 1600 పిక్సెళ్ల దగ్గరికి దిగిపోతుంది. 8 × 10కి పర్వాలేదు, 20 × 30కి పనికిరాదు. తీసినవాళ్లకి ఫోన్ చేసి అదే ఫోటోని డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. హెచ్‌డీ అని ఎంచుకుని పంపినా మామూలు కంటే నయం. గూగుల్ డ్రైవ్ లింకు, పెన్ డ్రైవ్, ఏదైనా సరే. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నుంచి దించుకున్నవీ స్క్రీన్‌షాట్లూ కూడా అసలు ఫైలు కంటే బాగా చిన్నవే. గూగుల్ ఫోటోస్‌లో స్టోరేజ్ సేవర్ పెట్టి ఉంటే 16 మెగాపిక్సెళ్లు దాటినవి ఆ సైజుకి కుదించి దాచి ఉంటాయి. మెమరీ కార్డులో అసలు ఫైలు ఉందేమో ముందు చూసుకోండి.

పెళ్లి ఫోటోగ్రాఫర్‌ని ఆల్బమ్ పేజీల ఫైళ్లు కాకుండా విడి ఫోటోలు, పూర్తి సైజువి అడిగి తీసుకోండి. డబ్బులు మొత్తం ఇచ్చేలోపే అడగడం మంచిది.

ఫైలు ప్రాపర్టీస్‌లో 72 డీపీఐ అని చూపిస్తోంది. 300 చేసి తెమ్మన్నారు. ఎలా?

ఏమీ చేయక్కర్లేదు. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె. అది ఫైలు మీద రాసి పెట్టినది మాత్రమే. 6000 × 4000 ఫోటో మీద 72 అని రాసినా 300 అని రాసినా పిక్సెళ్లు అవే. సాఫ్ట్‌వేర్‌లో రీశాంపిల్ టిక్కు పెట్టి 300కి మారిస్తే లేని పిక్సెళ్లు పుట్టించి ఫైలు ఉబ్బుతుంది తప్ప వివరం పెరగదు.

కంప్యూటర్‌లో 100 శాతం జూమ్ చేస్తే మసకగా కనిపిస్తోంది. ప్రింట్ కూడా అలాగే వస్తుందా?

మామూలు 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. దాని మీద 24 మెగాపిక్సెళ్ల ఫోటోని 100 శాతం చూడటమంటే ఐదడుగుల పైచిలుకు వెడల్పు ప్రింట్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసినట్టు. జూమ్ 50 శాతానికి తగ్గించండి. అప్పుడు మీరు చూస్తున్నది 32 అంగుళాల ప్రింట్ సైజు. కుర్చీ కాస్త వెనక్కి జరిపి అక్కడ కళ్లు, కనురెప్పలు తేటగా ఉన్నాయంటే ఇక టెన్షన్ అక్కర్లేదు.

గింజలు గింజలుగా కనిపించే నాయిస్ ప్రింట్‌లో చాలావరకు కలిసిపోతుంది. దాన్ని తుడిచేద్దామని చర్మాన్ని మైనంలా చేసుకుని తెస్తుంటారు, అది మాత్రం ప్రింట్‌లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. చెయ్యి కదిలిన ఫోటో, ఫోకస్ తప్పిన ఫోటో మాత్రం ఎంత పెద్దది చేస్తే అంత బయటపడతాయి.

మా నాన్నగారు పోయారు. పెద్దకర్మకి ఫోటో కావాలి. ఉన్నది పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో ఒక్కటే.

ఇలా వచ్చేవాళ్లకి వారం రోజుల టైము కూడా ఉండదు. అందుకే ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు ఆ గ్రూపు ఫోటో అసలు ఫైలు తెప్పించండి. ఇంట్లో ఉన్నది వాట్సాప్ కాపీ అయి ఉంటుంది. అది తీసిన అల్లుడి దగ్గరో, ఫోటోగ్రాఫర్ దగ్గరో పూర్తి సైజు ఉంటుంది. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పి, ఈలోగా మిగతా చుట్టాల ఫోన్లలో వెతికించండి. మనవడి పుట్టినరోజు నాడు తీసినదేదో ఒకటి, ఆయన మామూలుగా నవ్వుతున్నది దొరకొచ్చు. పాస్‌పోర్టు సైజు ఫోటో తీసిన స్టూడియోలో ఫైలు ఉండే అవకాశమూ ఉంది.

ఫైలు చేతికొచ్చాక గడ్డం నుంచి తల పైదాకా ఎన్ని పిక్సెళ్లో చూడండి. 400 ఉంటే 12 × 15లో మొహం 6 అంగుళాలు పెట్టొచ్చు. అంగుళానికి 66 పడుతుంది. దండ వేసి బల్ల మీద పెట్టిన ఫోటోని అందరూ ఐదడుగుల నుంచి చూస్తారు, ఆ దూరానికి 60 చాలు. 200 మాత్రమే ఉంటే మొహం 3 అంగుళాలు దాటకుండా, భుజాలు బాగా కనిపించేలా 8 × 10 చేయించండి. పెద్ద మొహం మసకగా ఉండేకంటే చిన్న మొహం పోలిక తప్పకుండా ఉండటం మేలు. కాగితం మ్యాట్ తీసుకోండి, కాస్త మసక ఉన్నా అందులో కలిసిపోతుంది.

వెనక మబ్బులు, వెలుగు వలయాలు పెట్టించడం, కోటు తొడిగించడం నాకు నచ్చవు. ఆయన ఆ రోజు వేసుకున్న చొక్కానే ఉంచండి. వెనకున్న జనాన్ని తీసేసి సాదా బూడిద రంగు పెడితే సరిపోతుంది. పదేళ్ల తర్వాత ఆ పటం చూసే మనవలకి ఆయన ఎలా ఉండేవారో అలాగే కనిపించాలి.

ఏఐ యాప్‌తో పెద్దది చేస్తే బాగా వస్తోంది కదా?

చెట్లు, గోడలు, బట్టల నేతకి బాగానే వస్తుంది. రెండింతల దాకా వాడొచ్చు. మొహాల దగ్గర జాగ్రత్త. చిన్న మొహం ఇస్తే యాప్ తనకి తెలిసిన ఏవో కళ్లు, పళ్లు తెచ్చి పెడుతుంది. పుట్టుమచ్చ పోతుంది, పెదవి మీది గాటు పోతుంది. తేటగా ఉంటుంది గానీ, ఇంట్లోవాళ్లు చూసి ఇది మా అమ్మ కాదంటారు. వాడాలనుకుంటే పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఆ మనిషిని బాగా ఎరిగినవాళ్లకి చూపించాకే ప్రింట్‌కి ఇవ్వండి.

ఫోన్‌లో వెలిగిపోతున్న ఫోటో ప్రింట్‌లో చీకటిగా ఎందుకొస్తుంది?

స్క్రీన్ తన వెలుగుతో తాను వెలుగుతుంది, కాగితం గదిలో ఉన్న వెలుతురునే తిప్పి ఇస్తుంది. ఫోన్ బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, కంటికి హాయిగా ఉండేందుకు పెట్టే పసుపు మోడ్ ఆపేసి చూడండి. అప్పటికీ మొహాలు చీకటిగా ఉంటే కాస్త వెలుతురు పెంచి ఇవ్వండి.

రంగులు వెలిసిపోయినట్టు వస్తే ఫైలు అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో ఉందేమో చూడండి. కెమెరా మెనూలో ఎప్పుడో పెట్టి మరిచిపోయి ఉంటారు. ల్యాబ్ ప్రత్యేకంగా అడగకపోతే ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి ఇవ్వడమే క్షేమం. ఐఫోన్ హెచ్ఈఐసీ ఫైళ్లని కూడా జేపెగ్ చేసి ఇవ్వండి.

పట్టుచీర ఎరుపు ముద్దలా వస్తోంది. జరీ కనిపించట్లేదు.

కంచిపట్టు ఎరుపుతో ఈ బాధ ఎప్పుడూ ఉంది. కెమెరాలో ఎరుపు చానల్ దాని గరిష్ఠ అంకె 255 దాకా వెళ్లి ఆగిపోతే మడతకీ మడతకీ తేడా ఉండదు. స్క్రీన్ మీద మెరుపులో అది తెలియదు, కాగితం మీద చీరంతా ఒకే రంగు అట్టముక్కలా కనిపిస్తుంది. సరిచేసేటప్పుడు చీర మొత్తాన్ని చూడకండి. భుజం మీద పమిట కుచ్చిళ్లు కలిసే చోట జూమ్ చేసి, ఎరుపు గాఢతని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోండి. మడతల మధ్య నీడ గీతలు తిరిగి కనిపించిన చోట ఆగండి. అంచు జరీలో తెల్లగా పేలిన చుక్కలు తగ్గి, పసుపు తేలాలి. రా ఫైలు (కెమెరా జేపెగ్‌గా కుదించకముందు దాచే అసలు డేటా) ఉంటే ఇదంతా దాన్నుంచి చేయండి. జేపెగ్‌లో పోయిన మడత రా ఫైల్లో చాలాసార్లు ఇంకా ఉంటుంది.

తర్వాత టెస్ట్ ముక్క వేయించండి. మొత్తం ఫోటోని చిన్నది చేసి వేయించడం కాదు. 24 × 36 వేయాలంటే ఆ సైజులోనే ఉండే ఒక భాగాన్ని, మొహం, భుజం, జరీ అంచు వచ్చేలా కత్తిరించి 8 × 10 కాగితం మీద వేయించాలి. దాన్ని కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో చూడండి, ఇంటికి తీసుకెళ్లి అది వేలాడబోయే గోడ దగ్గర ట్యూబ్‌లైట్ కింద చూడండి. ఆ ముక్కకయ్యే ఖర్చు పెద్ద ప్రింట్ రెండోసారి వేయించే ఖర్చు ముందు ఏ మూలకీ కాదు.

ఫోటోలో కాళ్లు తెగిపోయాయి. ఎందుకు?

కెమెరా ఫోటో 3:2, ఫోన్ ఫోటో 4:3 నిష్పత్తిలో ఉంటాయి. 12 × 18, 16 × 24, 20 × 30, 24 × 36 కెమెరా ఫోటోకి సరిగ్గా సరిపోతాయి. 12 × 15, 16 × 20 సైజులకి కొంత కత్తిరించక తప్పదు. ఎక్కడ కత్తిరించాలో మీరే కత్తిరించి ఇవ్వండి, లేదా తెల్ల అంచు వదిలి మొత్తం ఫోటో వేయమనండి. కాన్వాస్ అయితే చెక్క ఫ్రేము చుట్టూ మడవడానికి ప్రతి వైపూ 2 అంగుళాలు పోతాయి. అంచు దగ్గర నిలబడ్డ మేనమామ గోడ వైపుకి తిరిగిపోతాడు, ముందే చూసుకోండి.

ఏ కాగితం మంచిది?

ఇంట్లో పెట్టుకునే మామూలు పెద్ద ఫోటోకి కలర్ ల్యాబ్‌లో వెలుతురుతో, రసాయనాలతో కడిగే ఫోటో పేపర్ చాలు. చర్మం రంగు దాని మీద చక్కగా వస్తుంది. ఎగ్జిబిషన్‌కీ, చాలా ఏళ్లు ఉంచాలనుకునే నలుపు తెలుపు ఫోటోలకీ పిగ్మెంట్ ఇంకుతో కాటన్ కాగితం మీద వేయించండి. ఈ మెషీన్లలో 24, 44 అంగుళాల రోల్స్ పడతాయి. ఆ కాగితం మీద వేలు తగిలినా గీత పడుతుంది, అంచులు పట్టుకునే తీయాలి. గ్లాసీ అందంగా ఉంటుంది గానీ ట్యూబ్‌లైట్ ఎదురుగా పెడితే ఫోటో బదులు లైటు కనిపిస్తుంది. ఫ్లెక్స్ మండపం ముందు పెట్టే బోర్డుకి బాగుంటుంది, ఇంట్లోకి వద్దు.

ఇక్కడి తేమకి ఫోటోలు పాడవకుండా ఎలా ఫ్రేమ్ కట్టించాలి?

చెన్నైలో ప్రింట్‌కి ఎండ కంటే తేమే ఎక్కువ హాని చేస్తుంది. అద్దం ఫోటోకి ఆనుకుని ఉంటే కొన్నేళ్లకి తేమతో రెండూ అతుక్కుపోతాయి. తర్వాత విడదీస్తే మొహం అద్దంతో పాటు ఊడొస్తుంది. మధ్యలో మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ వచ్చే మందపాటి అట్ట చట్రం) పెట్టి, అద్దానికీ ఫోటోకీ ఖాళీ ఉండేలా కట్టమనండి. బోర్డు యాసిడ్ లేనిది అడగండి, మామూలు అట్ట అయితే ఫోటో అంచులు పసుపెక్కుతాయి. వెనక ప్లైవుడ్ బదులు ఫోమ్ బోర్డు పెట్టించండి, చెదల భయం తగ్గుతుంది. వెనక భాగమంతా టేపుతో మూసేయాలి. పుస్తకాల్లో తిరిగే ఆ వెండిరంగు పురుగులు ఫోటో కాగితాన్నీ తింటాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానకి బయటి గోడలు చెమ్మగిల్లుతాయి. ఆ గోడకి పటం పెట్టకండి. పెట్టక తప్పకపోతే ఫ్రేమ్ వెనక నాలుగు మూలలా కార్క్ ముక్కలు అతికిస్తే గాలి ఆడుతుంది. బెసంట్ నగర్, తిరువాన్మియూర్ లాంటి సముద్రం పక్క ఇళ్లలో ఉప్పు గాలికి ఇనుప మేకులు తుప్పు పడతాయి. పెద్ద ఫ్రేమ్ బరువుకి స్టెయిన్‌లెస్ స్టీల్ హుక్కులే వాడండి.

దండ వేసే పటాలకి ఇంకో జాగ్రత్త. తడి పూల దండ ఫ్రేమ్‌కే తగిలిస్తే నీళ్లు అద్దం మీదుగా కింది అంచులోకి దిగి ఫోటో కింది భాగాన్ని నానబెడతాయి. పైన విడిగా ఒక మేకు కొట్టి దండని దానికి వేయండి. బొట్టు తుడిచేటప్పుడు నీళ్లు చల్లకుండా పొడి గుడ్డతో తుడవండి.

ఎక్కడ వేయించాలి?

ఫలానా షాపు అని చెప్పను. ఏ షాపుకి వెళ్లినా ఏ కాగితమో, టెస్ట్ ముక్క వేసిస్తారా, ఫైలుని ముట్టుకోకుండా వేస్తారా అని అడగండి. చాలా ల్యాబుల్లో మెషీన్ తనంతట తనే మొహాలు తెల్లబరుస్తుంది. మీరు సరిచేసి తెచ్చిన ఫైలు అయితే కవరు మీద నో కరెక్షన్ అని రాసివ్వండి. తమిళం రాకపోయినా ఆ మాట ఏ ల్యాబులోనైనా అర్థమవుతుంది. అద్దాలు, ఫ్రేములకి ప్యారీస్ కార్నర్ దగ్గర దేవరాజ ముదలి వీధి ఉంది.

ఊరికి ఎలా తీసుకెళ్లాలి?

ఫ్రేమ్ కట్టించకుండా 4 అంగుళాల వ్యాసం ఉన్న అట్ట గొట్టంలో చుట్టి తీసుకెళ్లండి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ దాకా పై అరలో సుఖంగా వస్తుంది. ఇంటికెళ్లగానే తీసి, శుభ్రమైన కాగితం పరిచి, ఒక రోజు బల్ల మీద బోర్లా పడుకోబెట్టండి. ఫ్రేమ్ అక్కడే కట్టించుకోవచ్చు.

గోడంత ప్రింట్ వేయాలని ఇప్పటినుంచే ఉంది. ఫోటో ఎలా తీయాలి?

ట్రైపాడ్, తక్కువ ఐఎస్ఓ, ఎఫ్/8 దగ్గర అపర్చర్ (లెన్స్ రంధ్రం), 2 సెకన్ల టైమర్. ఎఫ్/16 దాటితే ఫోటో మళ్లీ కాస్త మసకబారుతుంది. పులికాట్‌లో ఫ్లెమింగోలకి వెళ్తే తెల్లవారకముందే చేరండి. ఎండెక్కాక నీటి మీది వేడి గాలి అలల వల్ల ఎంత ఖరీదైన లెన్స్ పెట్టినా పక్షి అంచులు వణుకుతాయి.

ఒక్క ఫోటోకి సరిపోని సైజు కావాలంటే కెమెరాని నిలువుగా పెట్టి, వరసగా తిప్పుతూ తీసి కలపండి. మైలాపూర్ కోనేరు దీనికి చాలా బాగుంటుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో ఐదు ఫ్రేములు, ఒక్కోటి పక్కదానితో మూడో వంతు కలిసేలా తీస్తే మొత్తం సుమారు 14,600 × 6000 పిక్సెళ్లు వస్తాయి. 44 అంగుళాల రోల్ మీద 40 అంగుళాల ఎత్తు, 8 అడుగుల పొడవు ప్రింట్ అవుతుంది, అదీ అంగుళానికి 150 తోనే. కలిపే సాఫ్ట్‌వేర్ అంచులు కొంత కోసేస్తుంది కాబట్టి పైనా కిందా చోటు వదిలి తీయండి. ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ మూడూ మాన్యువల్‌లో లాక్ చేయండి, లేకపోతే ఆకాశంలో పట్టీలు పడతాయి. మెట్ల మీద నడిచే మనుషులు రెండు ఫ్రేముల మధ్య సగం సగం పడతారు కాబట్టి ప్రతి ఫ్రేమూ రెండు మూడుసార్లు తీసి ఉంచుకోండి.